అంకెకు మాట తోడు

ఇంటి పద్దు వ్రాయు ప్రతి గృహిణియు ఎఱిగిన సంగతి యొకటి కలదు. సొమ్ము ఒక చేతినుండి మఱియొక చేతికి పోవునపుడు అంకె యొక్కటి వ్రాసి యూరకుండరు. దాని ప్రక్కను "అక్షరాలా" అని ఆరంభించి, ఆ మొత్తమునే మాటలతో మరల వ్రాసి, తుదిని "మాత్రమే" యని ముగింతురు. రసీదులోను, బ్యాంకు చెక్కులోను, ప్రామిసరీ నోటులోను, క్రయదస్తావేజులోను ఇదియే మర్యాద. ఒకే సంగతిని రెండుసారులు వ్రాయుట వ్యర్థశ్రమ గాదా యని పిల్లలు అడుగుదురు. గాదు. ఆ రెండవ వ్రాతయే మన సొమ్మునకు కావలి.

అంకె చిన్నది, దానిని మార్చుట సులభము. 2,000 అను అంకెకు ముందు 3 చేర్చిన 32,000 అగును. వెనుక ఒక సున్న చేర్చిన 20,000 అగును. ఒకటిని ఏడుగా దిద్దుటకు కలము ఒక్క గీత గీచిన చాలును. మాట యట్లు గాదు. "రెండువేలు" అను మాటను "ఇరువదివేలు" చేయవలెనన్న ఎంతో చెఱపవలెను, ఎంతో వ్రాయవలెను. ఆ జాడ కంటబడును. ఈ కారణముననే 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము తన 18వ సెక్షనులో స్పష్టముగా నిర్ణయించినది: చెక్కులోగాని నోటులోగాని అంకెలలో ఒక మొత్తమును, మాటలలో వేఱొక మొత్తమును ఉన్నచో, మాటలలో వ్రాసినదే చెల్లవలసిన మొత్తము. వాడుకలో బ్యాంకులవారు అట్టి చెక్కును తఱచుగా తిరుగగొట్టుదురు. కాని వివాదము న్యాయస్థానమునకు పోయినపుడు మాటదే పైచేయి. నోటి మాట నీటి మూట యందురు గాని, వ్రాసిన మాట అట్టిది గాదు.

ఈ విషయము నెల్లూరు జిల్లా పడమటి భాగమునందలి స్త్రీలకు మిక్కిలి దగ్గఱది. ఉదయగిరి నియోజకవర్గములోని కలిగిరి మండలమున దూబగుంట యను గ్రామము కలదు. 1991వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో "అక్షరదీపము" అను సంపూర్ణ సాక్షరతా కార్యక్రమము నడచినపుడు ఆ గ్రామపు స్త్రీలు రాత్రిబడులలో అక్షరములు నేర్చిరి. ఆ పాఠములలో, ఊరి స్త్రీలు ఏకమై సారాదుకాణమును మూయించిన కథ యొకటి ఉండెను. చదివినదానిని వారు కథగా వదలలేదు. తమ యూర చేసి చూపిరి. 1992లో దూబగుంట రోశమ్మ మొదలగువారి పూనికతో లేచిన సారావ్యతిరేకోద్యమము జిల్లా యంతటను ప్రాకి, రాష్ట్రము నంతను కదలించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. సారాకు పోవుచుండిన డబ్బు ఇంట నిలిచినపుడు, దినమునకు ఒక్క రూపాయి చొప్పున కూడబెట్టు "పొదుపులక్ష్మి" సంఘములు ఆ జిల్లాలోనే వ్యాపించినవి. అక్షరము నేర్చిన చేయి అప్పటినుండి పొదుపు పుస్తకమును పట్టినది. ఈ నాడు ఆత్మకూరులోను, ఉదయగిరిలోను, వాని చుట్టుపట్ల గ్రామములలోను సంఘపు తీర్మానములపైనను, బ్యాంకు చెక్కులపైనను సంతకము చేయువారు స్త్రీలే. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు దేశమున పేరెన్నిక గన్నవి. వానిని చెక్కి, నునుపుచేసి అమ్ము పనిలో స్త్రీలు ముఖ్యముగా నున్నారు. సరకు పోయిన వెంట బిల్లు పోవలెను. బిల్లులో అంకె ప్రక్కను మాట ఉండవలెను.

ఇట్టి వ్రాతలు నెలకు నాలుగైనచో చేతితో వ్రాయవచ్చును. నలువది సభ్యురాండ్రకు నలువది రసీదులు వ్రాయునపుడు కన్ను అలయును, చేయి తడబడును. కావున అంకెను కొట్టిన వెంటనే మాటను చూపు సాధనమొకటి ఉన్న బాగుండునని తోచుట సహజము. అట్టి సాధనమునకు వేఱుగ యంత్రము కొనవలసిన పనిలేదు. మన యింటి సెల్ ఫోనులోని బ్రౌజరునందే అది యిమిడి యున్నది. జావాస్క్రిప్టు అను యంత్రభాష 1995లో పుట్టినది. నెట్‌స్కేప్ అను సంస్థలో పనిచేయుచుండిన బ్రెండన్ ఐక్ దాని మొదటి రూపమును ఆ యేటి మే నెలలో పదిదినములలో సిద్ధముచేసెను. నేడు ప్రతి బ్రౌజరును ఆ భాష నెఱుగును. కళాశాలలో చదువు బాలిక యెవతెయైనను కొన్ని దినములు శ్రమించిన, తల్లికి పనికివచ్చు చిన్న పేజీ నొకదానిని దానితో వ్రాయగలదు. ఆ పని ఫోనులోనే జరుగును గాన, ఇంటి లెక్క పరుల కంటబడదు. పేజీని ఫోనులో దాచుకొన్నచో, కొండప్రక్క గ్రామములలో సిగ్నలు సన్నగిలినపుడును అది నడచును.

అయితే యంత్రము తెలుగు నెఱుగదు. దానికి తెలుగు లెక్కను మనమే నేర్పవలెను. నేర్పుటకు ముందుగా మన సంఖ్యావాచకముల కూర్పును మనము గ్రహింపవలెను. ఆ కూర్పు ఎంతో పొందికైనది. ఒకటి మొదలు పందొమ్మిది వఱకు పందొమ్మిది మాటలు. ఇరువది, ముప్పది, నలువది, ఏబది, అఱువది, డెబ్బది, ఎనుబది, తొంబది అను ఎనిమిది మాటలు. నూఱు, వేయి, లక్ష, కోటి యను నాలుగు. ఇవి ముప్పదియొకటి. సున్నతో ముప్పదిరెండు. ఇంతే సరకు. ఇరువదిప్రక్క ఐదుంచిన ఇరువదియైదు, తొంబదిప్రక్క తొమ్మిదుంచిన తొంబదితొమ్మిది. ఉదయగిరిలో ఉర్దూ మాటలాడు గృహములును కలవు. ఉర్దూలోను, హిందీలోను ఒకటినుండి తొంబదితొమ్మిది వఱకు ఇంచుమించు ప్రతి సంఖ్యకును వేఱు రూపము కలదు. కావున ఆ భాషలను యంత్రమునకు నేర్పువారు నూఱు మాటల పట్టికను ఇయ్యవలెను. ఈ విషయమున తెలుగు ఇల్లాలి పని తేలిక.

ఇక యంత్రము చేయవలసిన పనిని వరుసగా చూతము.

మొదటిది ఏఱుట. బియ్యములో రాళ్లను ఏఱినట్లు, కొట్టిన వ్రాతలోనుండి కామాలను, ఖాళీలను, రూపాయి గుర్తును తీసివేయవలెను. మనము కొట్టిన అంకెలు యంత్రమునకు మొదట అక్షరములుగానే తోచును గాని సంఖ్యలుగా తోచవు. కావుననే 5ను, 3ను కూడుమన్న, వానిని సంఖ్యలుగా మార్చనిచో, ఎనిమిది యనక, రెంటిని ప్రక్కప్రక్కను చేర్చి 53 అని చూపును. సంఖ్యగా మార్చిన పిదపనే లెక్క సాగవలెను. ఇంకొక చిక్కు: ఏమియు కొట్టక వదలిన గడిని జావాస్క్రిప్టు సున్నగా గ్రహించును. కావున గడి ఖాళీగా నున్నదా యని ముందుగా అడిగి, ఖాళీయైనచో "మొత్తము వ్రాయుడు" అని హెచ్చరింపవలెను. ౧, ౨, ౩ అను మన తెలుగు అంకెలను కొట్టిన, అది వానిని సంఖ్యలుగా ఒప్పుకొనదు. పది తెలుగు అంకెలకును సరియైన పది అంకెలను చూపు చిన్న పట్టిక నిచ్చి, ముందుగా మార్పించిన ఆ చిక్కు తీఱును.

రెండవది పంచుట. మొత్తమును మొదట కోటితో భాగించి, వచ్చిన భాగమును కోట్ల పాలు చేయవలెను. మిగిలినదానిని లక్షతోను, అటుపై మిగిలినదానిని వేయితోను, ఆ పైని నూటితోను భాగింపవలెను. తుదకు మిగిలినది నూటికి లోపలిది. అది మన ముప్పదియొక్క మాటలలో ఇమిడిపోవును. ఒక సంఘపు పొదుపు 1,04,316 రూపాయలు అనుకొందము. కోట్లు లేవు. లక్ష ఒకటి, మిగులు 4,316. వేలు నాలుగు, మిగులు 316. వందలు మూడు, మిగులు 16. చేర్చి చదివిన "ఒక లక్ష నాలుగువేల మూడువందల పదునాఱు". కోట్ల సంఖ్య తొంబదితొమ్మిదిని మించినపుడు, ఆ సంఖ్యను మరల ఇదే పద్ధతికి అప్పగింపవలెను. పద్ధతి తన్ను తానే పిలుచుకొని "వేయి రెండువందల కోట్లు" మొదలగువానిని పలుకును.

మూడవది మౌనము. 20,00,005 అను మొత్తమునందు వేలును లేవు, వందలును లేవు. ఇది "ఇరువది లక్షల ఐదు" కావలెను. క్రొత్తగా నేర్చినవారు వ్రాసిన సాధనము "ఇరువది లక్షల సున్న వేల సున్న వందల ఐదు" అని పలుకును. లేనిదానిని గూర్చి మాటాడరాదని యంత్రమునకు చెప్పవలెను. మొత్తమంతయు సున్నయైనపుడు మాత్రమే "సున్న" యనవలెను.

నాలుగవది తెలుగుదనము. ఇక్కడనే చాలమంది సాధనములు తప్పుదారి పట్టును. 300 అనునది ఒంటరిగా "మూడువందలు". దాని వెనుక మఱొకటి వచ్చిన "మూడువందల పదునాఱు". వేలు, లక్షలు, కోట్లు అనునవియు ఇట్లే వేల, లక్షల, కోట్ల అని మాఱును. రూపాయలు అను మాట వచ్చినను అంతే: "నాలుగువేలు", కాని "నాలుగువేల రూపాయలు". నూఱు మాత్రము వేఱు త్రోవ పట్టును. సంఖ్య వెనుక వచ్చిన "నూట పదునాఱు". రూపాయలు వెనుక వచ్చిన "నూఱు రూపాయలు". "నూట రూపాయలు" అని తెలుగువారెవరు నందురు? పెండ్లిచదివింపులలో మనము పలుకు నూటపదహార్లును, వేయిన్నూటపదహార్లును ఈ కూర్పునకే చక్కని యుదాహరణములు. అట్లే ఒకటి రూపాయి ముందు "ఒక" యగును. నూటయొకటి "నూటయొక్క రూపాయలు" అగును. మనుష్యుల నెంచునపుడు మన భాషకు వేఱు మాటలే కలవు: ఇద్దఱు, ముగ్గురు, నలుగురు. సంఘములో "పది రూపాయలు" సరియే గాని "మూడు సభ్యురాండ్రు" చెవికి కటువు. రూపాయలకు వ్రాసిన సాధనమును హాజరుపట్టికకు వాడదలచినవారు ఈ భేదమును మఱువరాదు.

పైసల విషయమున ఇంకొక జాగ్రత్త. జావాస్క్రిప్టు దశాంశములను రెండు అంకెల లెక్కలో దాచును గాన, 0.1ను 0.2ను కూడిన సరిగా 0.3 రాదు; తుదిని అల్పమైన తోక మిగులును. కావున చుక్కకు ముందున్నదానిని రూపాయలుగాను, వెనుకనున్నదానిని పైసలుగాను వ్రాతలోనే విడదీసి, రెంటిని వేఱువేఱుగ మాటలుగా మార్చుట క్షేమము.

బజారులో దొరకు సాధనములు లేవా యని యడుగవచ్చును. కలవు, కాని వానిలో అనేకము పడమటి దేశముల లెక్కకు చేసినవి. వారు అంకెలను మూడేసి చొప్పున విడదీయుదురు; మనము కుడినుండి మొదటి మూటిని విడిచి, తక్కినవానిని రెండేసి చొప్పున విడదీయుదుము. మన 10,00,000 వారికి 1,000,000. మన పది లక్షలు వారికి ఒక మిలియను. అట్టి సాధనము ఇచ్చిన మాటను చెక్కుమీద ఎక్కించిన, చదువు గుమాస్తాయు, వ్రాసిన ఇల్లాలును చిక్కుపడుదురు. జావాస్క్రిప్టు మన పద్ధతిని కోరిన కామాలను మన రీతినే ఉంచగలదు. కాని అంకెను తెలుగు మాటగా పలుకు శక్తి దానికి పుట్టుకతో లేదు. అది మనము నేర్పవలసినదే. చెక్కును మన ప్రాంతపు భాషలో వ్రాయుటకు రిజర్వు బ్యాంకు నియమములు అనుమతించుచున్నవి గనుక, తెలుగు మాటలు తెలుగునాట బ్యాంకున చెల్లవను భయము వలదు.

అన్ని సంఖ్యలును మొత్తములు గావు. బ్యాంకు ఖాతా సంఖ్యయు, ఫోను సంఖ్యయు అంకెల వరుసలు మాత్రమే. వానిని సంఖ్యగా మార్చిన, ముందున్న సున్నలు రాలిపోవును. సొమ్ము వేఱొక ఖాతాకు పోవుటకు అదియే చాలును. వానిని ఒక్కొక్క అంకెగానే చదివింపవలెను.

అంకెను మాటగా మార్చు పని క్రొత్తది గాదు. నెల్లూరు జిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి యనువారు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. వానిలో ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములును కలవు. శాసనములలో శకవర్షమును అంకెలతోనే గాక మాటలతోను చెప్పు నాచారము మన దేశమున ప్రాచీనము. చంద్రుడన్న ఒకటి, కన్నులన్న రెండు, అగ్నులన్న మూడు, వేదములన్న నాలుగు అని పండితులు సంకేతములు పెట్టుకొని, వానిని కుడినుండి ఎడమకు చదివెడివారు. రాతిమీది అంకె అరిగినను, పద్యములోని మాట నిలుచును. ఛందస్సు చెడకుండ దానిని మార్చుట కష్టము. నాటి శిల్పికిని, నేటి సంఘపు కార్యదర్శినికిని ఉద్దేశ మొకటే: తాను చెప్పిన మొత్తమును పరులు మార్చకుండవలెనని.

సోదరీమణులారా, ఇంతవఱకు చెప్పినదానిలో ఒక రహస్యము దాగియున్నది. తెలుగు లెక్కలో పెద్దది ముందు వచ్చును, చిన్నది వెనుక వచ్చును. కావున మన మాటను మార్చదలచువాడు దాని ముందరను ఖాళీ వెదకును. "రెండువేలు" అనుదాని ముందు చోటు విడిచినచో "ముప్పది" యని చేర్చుటకు వానికి సందు దొరకును. అపుడు మాటయు మనకు శత్రువగును. కావున గీత మొదటినుండియే, ఎడమ అంచున ఆరంభింపుడు. నడుమ ఖాళీ విడువకుడు. తుదిని "మాత్రమే" యని వ్రాసి గీత గీయుడు. చెక్కుమీద కొట్టివేత పనికిరాదు. తప్పుపోయిన క్రొత్త చెక్కు వ్రాయుడు. ఫోనులో మొత్తమును చెప్పునపుడు అరవై, ఇరవై చెవికి ఒకటే తోచును. అంకెలు విడివిడిగా మఱల చెప్పించుకొనుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఖాళీ కాగితము. అదే చట్టము 20వ సెక్షను ప్రకారము, స్టాంపు గల కాగితముపై మొత్తము వ్రాయకయే సంతకముచేసి యిచ్చినవారు, ఆ స్టాంపు విలువకు లోబడి, ఎంత మొత్తమైనను వ్రాసికొను అధికారమును పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే యెంచబడుదురు. యంత్రము ఖాళీ గడిని సున్నగా భావించును; అప్పులవాడు ఖాళీ గడిని తన యిష్టముగా భావించును. విత్తనములకో, వైద్యమునకో తొందరపడి అప్పు తెచ్చునపుడు సంతకమునకు ముందు అంకెను వ్రాయింపుడు. అంకెకు తోడుగా మాటను మీచేతనే వ్రాయుడు.

సాధనము సిద్ధమైన పిదప దానిని పరీక్షింపకయే నమ్మరాదు. 1, 10, 19, 20, 21, 100, 101, 116, 1,000, 1,116, 1,00,000, 20,00,005 అను మొత్తములను కొట్టి, అది పలికిన మాటను పెద్దగా చదివి చూడుడు. చెవికి తెలుగుగా తోచనిది లెక్కకును తప్పే. ఈ పరీక్ష చేయుటకు యంత్రభాష రానక్కఱలేదు. తెలుగు వచ్చిన చాలును. కుమార్తె పేజీ వ్రాయును, తల్లి చదివి తప్పు దిద్దును. ఇద్దఱి విద్యయు దానిలో కలిసిన గాని ఆ సాధనము పూర్తికాదు. రాత్రిబడిలో అక్షరము దిద్దిన తరమునకును, ఫోనులో అక్షరము కొట్టు తరమునకును నడుమ ముప్పదియేండ్లు దాటినవి. మొదటి తరము సంతకము నేర్చినది. రెండవ తరము ఆ సంతకము పైనున్న ప్రతి మాటకును తానే యజమానురాలు కావలెను.